పటం వెనక పసుపు మూట

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. లోకాన్నంతా కాపాడేవాడు దేవుడే అయినప్పుడు ఆయన హుండీకి తాళం ఎందుకు? అదీ ఒకటి కాదు, రెండు. పైన లక్క సీలు కూడా. ఒకసారి ఉండబట్టలేక ఒక పూజారినే అడిగాను. "తాళం స్వామి కోసం కాదు నాయనా, మన కోసం" అని తీర్థం పోసి పక్కవాడి వైపు తిరిగాడు. జవాబు బాగానే ఉంది. సందేహం మాత్రం తీర్థంతో పాటు లోపలికి పోయిందే తప్ప కరగలేదు. ఎర్రగుట్ట నరసింహస్వామి దగ్గర రామచంద్రయ్యకు జరిగింది విన్నాకనే అది కొంచెం కదిలింది.

రామచంద్రయ్య నల్లగొండలో పెళ్లి సంబంధాలు చూస్తాడు. ఇంటి ముందు గదిలోనే 'శుభకర వివాహ పరిచయ కేంద్రం'. ఒకప్పుడు వివరాలన్నీ ఆయన తలలో ఉండేవి. కోడలు సుమన వచ్చాక కంప్యూటర్‌లోకి ఎక్కాయి. అందులో ప్రతి ఇంటికీ రెండు గళ్లు ఉండేవి: ఒకటి 'చెప్పింది', రెండోది 'ఉన్నది'. చెప్పింది: పట్నంలో ఉద్యోగం. ఉన్నది: పోయిన ఏడు పోయింది. చెప్పింది: ఒత్తయిన జుట్టు. ఉన్నది: కొన్నది. మాట పెళ్లి దాకా వస్తే అవతలివాళ్లకు చెప్పాల్సింది చెబుతాడు, అది ధర్మం. కుదరని సంబంధం గుట్టు మాత్రం చచ్చినా బయటపెట్టడు. "నా కడుపుల వడ్డ మాట బాయిల వడ్డ రాయి" అంటాడు. ఆ ఒక్క మాట మీదనే ఆరేడు వందల ఇళ్లవాళ్లు ఆయన్ని నమ్మి తమ 'ఉన్నది' చెప్పుకున్నారు. ఆ నమ్మకం పోయిననాడు ఆయన బోర్డు దించుకోవలసిందే.

సుమన డిగ్రీలో కంప్యూటర్లు చదువుకుంది. వచ్చిన కొత్తలోనే మామకు నాలుగు మాటలు చెప్పింది. పాస్‌వర్డ్ గోడ మీద రాయొద్దు. తెలియనివాళ్లు పంపింది తెరవొద్దు. దొరికిన పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు పెట్టొద్దు. ఉన్నదానికి ఇంకో నకలు తీసి వేరే జాగాలో దాచాలి. ఆయనకు చివరి మాట బాగా నచ్చింది. దానికి తన సొంత నియమం కూడా ఒకటి చేర్చాడు.

"దాచినోడు దాచిన జాగ ఇంట్లోళ్లకు గూడ చెప్పొద్దు. నేను నీకు చెప్ప, నువ్వు నాకు చెప్పకు. గంతే."

మొన్న సుమన నకలు తీసిన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టగానే ఆయన ఇల్లంతా కలియజూశాడు. బీరువా దొంగలకు తెలుసు. బియ్యం డబ్బా దొంగలకు ఇంకా బాగా తెలుసు. చివరికి ఒక పసుపు గుడ్డలో చుట్టి, మూడు ముళ్లు వేసి, దేవుడి అల్మరాలో నరసింహస్వామి పటం వెనక పెట్టాడు. పసుపు గుడ్డలో కట్టిన ముడుపును ముట్టుకునే దొంగ ఇంకా పుట్టలేదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పు కాదు. దొంగలెవరూ ముట్టుకోలేదు.

ఆ శనివారం పొద్దున బాలనర్సమ్మ తలస్నానం చేసి, కొబ్బరికాయ సంచిలో వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పక్కింటి సోమమ్మక్కతోని గుట్టకు వోతున్న. మొక్కు తీర్చొస్త."

రామచంద్రయ్య జపంలో ఉన్నాడు. తల ఊపాడు. ఏ మొక్కో, ఎన్నేళ్లదో అడగలేదు. జపం ముగించి, టీ తాగి, కంప్యూటర్ ముందు కూర్చుని, రాత్రి వచ్చిన మెయిళ్లలో 'పెండ్లికొడుకు ఫోటో' అన్నదాన్ని తెరిచాడు.

ఫోటో రాలేదు. తెర మొత్తం ఎర్రబడింది. నడుమ ఒక తాళం బొమ్మ, కింద ఇంగ్లీషు.

"సుమనా! బిడ్డా! గిదేందో జర చూడు!"

ఆమె పరుగున వచ్చి ముందు నెట్ వైరు పీకేసింది. తరువాత చదివింది. మీ ఫైళ్లన్నింటికీ తాళం వేశాం, తాళం చెవి కావాలంటే పైసలు పంపండి అని దాని సారాంశం.

"ఏం తెరిచిండ్రు మామా?"

"పెండ్లిపిలగాని ఫోటో."

"పేరేంది పిలగానిది?"

"పేరు లేదు."

"ఊరు?"

"గది గూడ లేకుండె."

"పేరు, ఊరు లేనోనికి పిల్లనిస్తరా?"

"ఎట్లిస్తం?"

"మరి ఫోటో ఎట్ల తెరుస్తరు?"

రామచంద్రయ్య కుర్చీలోంచి లేచి పక్కకు జరిగాడు. సుమన మెత్తబడింది. "వాళ్లకు పైసలు కట్టుడు లేదు, గిట్టుడు లేదు. ఫికర్ వడకుండ్రి. కంప్యూటర్ కడిగేసి మళ్ల నిలబెడ్త. నేనిచ్చిన నకలు తీస్కరండ్రి."

ఆయన ప్రాణం లేచి వచ్చింది. చూశావా నా తెలివి అన్నట్టు కోడలి వైపు ఒక చూపు చూసి దేవుడి అల్మరా దగ్గరకు పోయాడు. పటం వెనక చెయ్యి పెట్టాడు. పెట్టిన చోట ఏమీ తగల్లేదు. ఇంకా లోపలికి, గోడ సందులోకి వేళ్లు చాపితే పసుపు మూట చిక్కింది. దుమ్ము పట్టి ఉంది. మొన్న పెట్టినదానికి ఇంత దుమ్మేమిటని అనుమానం వచ్చింది. ముళ్లు విప్పాడు.

రెండు వెండి కళ్లు ఆయన్ని తేరిపార చూశాయి.

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. కొడుకు గోపీకృష్ణ చిన్నప్పుడు చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడుతుంటే చిర్ర వచ్చి కంటికి తగిలింది. పట్నం దవాఖానలో కట్టు విప్పేనాడు, చూపు దక్కితే స్వామికి వెండి కళ్లు సమర్పించుకుంటామని బాలనర్సమ్మ మొక్కుకుంది. చూపు దక్కింది. కళ్లు చేయించారు. మూట కట్టారు. ఆ తర్వాత ఒక ఏడు మైల వచ్చింది, ఒక ఏడు ఇల్లు కట్టారు, ఒక ఏడు పెళ్లిళ్ల సీజన్ అన్నాడు రామచంద్రయ్య. గోపీకృష్ణ పెరిగి ఆర్టీసీలో డ్రైవరు కూడా అయ్యాడు. అతను బస్సెక్కిన ప్రతి పొద్దూ బాలనర్సమ్మ గుండె దడదడలాడేది. కళ్ల మొక్కు బాకీ ఉన్నవాడు అంతమందిని కూర్చోబెట్టుకుని నడుపుతున్నాడాయె.

'మొక్కు తీర్చొస్త' అంటే ఇదన్నమాట. ముందు చేతికి తగిలిన పసుపు మూట తీసుకుని పోయింది. ముడుపును స్వామి ముందు వేసేదాకా విప్పకూడదు. విప్పి చూసి ఉండదు.

రామచంద్రయ్య వెండి కళ్లను అంగీ జేబులో వేసుకుని స్కూటర్ తీశాడు.

"ఏడికి మామా? పెన్‌డ్రైవ్ ఏది?"

"తెస్త!" అన్నాడు. ఎక్కడి నుంచో చెప్పలేదు. అది నియమం.

నకిరేకల్ రోడ్డు మీద ఆయన ఎన్నడూ అంత వేగంగా పోలేదు. దారిలో బండి ఆపి భార్యకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. గుట్ట దగ్గర ఫోన్లు కింద కౌంటర్‌లోనే పెట్టి పోవాలి. ఆయన ఫోన్ కూడా అక్కడే తీసుకున్నారు. మెట్లు ఎక్కుతుంటే మైకులో వినబడింది: "భక్తులకు మనవి. నేడు హుండీ లెక్కింపు. కానుకలు వేసేవాళ్లు తొందరగా వేయవలెను. కాసేపట్లో హుండీ మూయబడును."

ఆయన రెండేసి మెట్లు ఎక్కసాగాడు. హుండీ తెరిస్తే మంచిదే, వస్తువు బయటికి వస్తుంది. కానీ ఎవరి ముందు వస్తుంది?

వరుస పొడుగ్గా ఉంది. చివరన ఈయన. మొదట్లో, హుండీకి రెండు బారల దూరంలో, సోమమ్మ వెనక బాలనర్సమ్మ.

"నర్సమ్మా! వెయ్యకు! ఆగు!"

వరుసంతా తిరిగి చూసింది. ఒక ముసలాయన కోప్పడ్డాడు. "పెండ్లం మొక్కు తీర్చుకుంటుంటే అడ్డమొస్తున్నవేందయ్య? వెండి మీద గంత పాణమా?"

"అట్ల కాదు పెద్దయ్యా, అది మొక్కు కాదు!"

"మరేంది?"

అది చెప్పరానిది. రామచంద్రయ్య వరుస పక్క నుంచి ముందుకు దూసుకుపోయాడు.

బాలనర్సమ్మకు భర్త గొంతు తెలిసింది. మొక్కును ప్రతి ఏడూ వాయిదా వేయించిన గొంతు అదే. ఈసారి గుట్ట దాకా వచ్చి మరీ ఆపుతున్నాడు! ఆమె సోమమ్మను దాటుకుని ముందుకు వచ్చింది. "ఈపారి ఆగేది లేదు సామీ" అంటూ కళ్లు మూసుకుని మూటను హుండీలో జారవిడిచింది. వెనకనే ఒక మనిషి వచ్చి హుండీ నోటికి చెక్క మూత పెట్టాడు.

ఆయన చేరుకునేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా వెలుగు.

"అయిపోయిందయ్య. ఇగ నా కొడుకు నిమ్మళంగ బస్సు నడుపుకుంటడు."

రామచంద్రయ్య జేబులోంచి తీసి అరచెయ్యి తెరిచాడు. బాలనర్సమ్మ ఆ వెండి కళ్ల వైపు చూసింది. భర్త వైపు చూసింది. హుండీ వైపు చూసింది.

"కండ్లు గివైతే, నేనేసిందేంది?"

"ఊరందరి గుట్టు" అన్నాడు ఆయన.

విషయం విన్నాక ఆమె నెత్తి కొట్టుకుంది. "పసుపు గుడ్డల కట్టవడితివా! ఒక్క మాటన్న చెప్పకపోతివి!"

"ఎవ్వలికి చెప్పొద్దని..."

"నేను ఎవ్వలనా?"

ఆయన హుండీ వైపు తిరిగాడు. అప్పటికే దాన్ని మండపంలోకి మోస్తున్నారు.

మండపంలో చుట్టూ తాడు కట్టి జంబుఖానా పరిచారు. తెల్లబట్టల సేవకులు బారులు తీరి కూర్చున్నారు. ఆలయ అధికారి ఈవో ఒక తాళం తీశాడు, పాలకమండలి అధ్యక్షుడు గుర్వయ్య రెండోది తీశాడు. గుర్వయ్యకు ప్రతిదీ పట్టించుకునే అలవాటు. లెక్కింపులో దాపరికం లేదని చూపడానికి పెద్ద టీవీ పెట్టించింది ఆయనే. పక్కన ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏం కనబడితే అది టీవీలో, భక్తులందరికీ కనబడుతుంది. రామచంద్రయ్య ఆ టీవీని చూశాడు, దాని కిందికి వేలాడుతున్న వైరును చూశాడు. ఆ వైరు పోయి ఆగిన ల్యాప్‌టాప్‌ను చూశాడు. స్వామి వైపు మాత్రం చూడలేకపోయాడు.

హుండీ వంచారు. నోట్లు, నాణేలతో పాటు పసుపు మూటలు దొర్లాయి. వాటిని వేరుగా పోసి ఒక సేవకురాలు ముళ్లు విప్పసాగింది. ఒక మూటలో ఊయల బొమ్మ. ఒకదాంట్లో పసిపిల్ల పుట్టువెంట్రుకలు. తరువాతి మూట విప్పి ఆమె చెయ్యి పైకెత్తింది.

"సార్, గిది చూడుండ్రి."

గుర్వయ్య ముందుగా అందుకున్నాడు. "పెన్‌డ్రైవ్! హుండీల పెన్‌డ్రైవ్ ఎవలేస్తరు? దీంట్ల ఏదో ఉన్నది. పెట్టి చూద్దాం, ఎవలిదో తెలుస్తది."

ఆయన వంగి ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ దూర్చే సందు వెతుకుతున్నాడు. రామచంద్రయ్య తాడు కింద నుంచి దూరి లోపలికి వచ్చాడు.

"పెట్టకుండ్రి! దొరికిన పెన్‌డ్రైవ్ ఏడవడితే ఆడ పెట్టొద్దు! వైరస్ వస్తది!"

"నీకెట్ల తెలుసు?"

"పొద్దుగాలనే తెలిసింది."

"ఇది నీదా?"

"నాదే."

"ఏమున్నది దీంట్ల?"

"చెప్పరాదు."

నల్లగొండ వైపు నుంచి వచ్చిన సేవకుల్లో ఇద్దరు ముగ్గురు తల ఎత్తి రామచంద్రయ్యను గుర్తుపట్టారు. గుర్తుపట్టగానే లెక్క తప్పారు. వాళ్ల 'ఉన్నది' కూడా అందులోనే ఉంది.

"చెప్పకపోతే నీదని ఎట్ల నమ్మాలె?" గుర్వయ్య గొంతు పెంచాడు. "రేపు ఇంకోడొచ్చి నాదంటడు. హుండీల వడ్డదంటే స్వామిది. స్వామిది అందరు చూడొచ్చు. పెడితే పోయేదేమున్నది?"

"పెట్టండ్రి, పెట్టండ్రి" అని తాడు అవతల నుంచి గొంతులు లేచాయి. ఎవరివో ఫోటోలున్నాయని ఒకరు, దొంగలెక్కలని ఒకరు, ఓట్ల లిస్టని ఒకరు. ద్వారం దగ్గరి కానిస్టేబుల్ లాఠీ సర్దుకుంటూ దగ్గరికి వచ్చాడు. బాలనర్సమ్మ సోమమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రామచంద్రయ్యకు రెండు వైపులా నుయ్యే. తనదని రుజువు చేయాలంటే లోపలున్నది ఒక్కటైనా చెప్పాలి. చెప్తే మాట పోతుంది. చెప్పకపోతే అందరిదీ టీవీలో పడుతుంది. స్వామీ, నువ్వే దారి చూపించు అనుకుంటూ తల ఎత్తాడు. ఎదురుగా ఈవో నిలబడి ఉన్నాడు.

ఆ మొహాన్ని ఎక్కడో చూశాడు. ఎదురుగా కాదు, ఫోటోలో. పాలమూరు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన విజేందర్. సంబంధం కోసం అతని అక్క ఫోన్ చేసింది, తర్వాత అతనే మాట్లాడి వివరాలు రాయించాడు. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పకూడదు. ఎవరి గుట్టు వాళ్లకే చెబితే? దానికి దోషం ఉన్నట్టు ఆయనకు తోచలేదు.

"సార్, మీ ఒక్కరి చెవుల చెప్త" అన్నాడు.

విజేందర్ విసుగ్గానే చెవి ఒగ్గాడు.

"మీరు పాలమూరు విజేందర్ సారు గద. ఎసువంటి పిల్ల గావాలంటే మీరు రాయించిండ్రు: 'పూజలు, భజనలు ఎక్కువ చేసే పిల్ల వద్దు. దినమంత గుడిలనే ఉంట, ఇంట్లనన్న గంట మోగొద్దు' అని. అది దీంట్లనే ఉన్నది సార్. మీ ఫోటో పక్కననే."

విజేందర్ నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. గర్భగుడి వైపు చూశాడు. పూజారి వైపు చూశాడు. టీవీ వైపు చూశాడు. అప్పటికే గుర్వయ్య ల్యాప్‌టాప్‌లో సందు కనిపెట్టి, పెన్‌డ్రైవ్ మూత తీసేశాడు.

"అధ్యక్షా!" అన్న కేకకు చూరులోని పావురాలు లేచాయి. "వైరస్ వస్తది!"

"ఒక్కసారి పెట్టి..."

"దేవస్థానం లెక్కలన్నీ పోతాయి. ఇటివ్వండి." పెన్‌డ్రైవ్ గుర్వయ్య వేళ్ల నుంచి విజేందర్ గుప్పిట్లోకి వచ్చేసింది. "ఈయనదే. నేను విచారించాను. పొరపాటున పడింది."

"హుండీల వడ్డంక స్వామిదే గద సార్?"

అంతసేపూ మాట్లాడని పూజారి నోరు విప్పాడు. "మొక్కింది కళ్లు, పడింది ఇది. మొక్కనిది స్వామి తీసుకోడు, గుర్వయ్యగారూ."

విజేందర్ సంతకం పెట్టించుకుని, పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతూ గొంతు తగ్గించాడు. "రామచంద్రయ్యగారూ, ఆ మాట..."

"బాయిల రాయి సార్" అన్నాడు రామచంద్రయ్య.

మెట్లు దిగుతుంటే ఆయన ఛాతీ కొంచెం విప్పారింది కూడా. కౌంటర్‌లో ఫోన్ తీసుకుంటే నిండా సుమన పిలుపులే. చేశాడు.

"దొరికింది బిడ్డా! తెస్తున్న! ఎవ్వలు చూడలే!"

"ఎవలన్న చూసినా ఏం కనవడుతది మామా? దానికి పాస్‌వర్డ్ పెట్టిన. అది లేకుండ ఒక్కక్షరం తెరుసుకోదు."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"అయినా మీకోసం చూసి చూసి, నకిరేకల్‌ల మా అమ్మోళ్లింట్ల దాచిన నకలు తెప్పించిన. మీ కొడుకు బస్సులనే వంపిండ్రు. ఇక్కడ అన్నీ నడుస్తున్నయి. రెండు పార్టీలోళ్లొచ్చి పోయిండ్రు గూడ."

"ఇంకో నకలున్నదా?" ఆయన లేచి నిలబడ్డాడు. "నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నాకు చెప్పకు అన్నది మీరే గద మామా."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. జేబులో వేళ్లకు చల్లగా ఏదో తగిలింది. పక్కన బాలనర్సమ్మ అప్పటికే చెయ్యి చాపి ఉంది.

"తే. కండ్లు తే."

"వచ్చే శనివారం..."

ఆమె చాపిన చెయ్యి తీయలేదు. ఆయన కళ్లు ఇచ్చి, ఆమె వెనకనే మళ్లీ మెట్లెక్కాడు.

లెక్కింపు ముగిసి హుండీని కడిగి పెట్టారు. పూజారి ఒక పసుపు గుడ్డ ఇచ్చాడు. బాలనర్సమ్మ కళ్లను మూట కట్టి మూడు ముళ్లు వేసింది. వేయబోయి ఆగింది. ముడుపు విప్పకూడదంటారు. ఆమె విప్పింది, చూసింది, భర్తకు చూపించింది, సోమమ్మకు చూపించింది, మళ్లీ కట్టి అప్పుడు వేసింది. ఖాళీ హుండీ అడుగున ఠంగుమంది. గుర్వయ్య ఒక తాళం, విజేందర్ ఒక తాళం వేశారు. రామచంద్రయ్య రెండింటినీ లాగి చూశాడు.

"స్వామి బాకీ తీరింది" అంది బాలనర్సమ్మ, చేతులు జోడించి.

తీరింది. గోపీకృష్ణ అద్దాలు పెట్టుకుని బస్సు నడపబట్టి అప్పటికి రెండేళ్లు. హుండీ తాళంలాగే, అద్దాలు కూడా మన కోసమే.